అరచెయ్యి అని తోసెయ్యకు

అమ్మలూ,

టచ్ స్క్రీన్ మీద పడేది ఎలాంటి స్పర్శో గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ పనిలో చేరుతున్నావని మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. వాడి గొంతులో పొంగు చూసి నేనూ పొంగిపోయాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. లేచి ఇది రాస్తున్నా.

ట్యాప్, స్వైప్, లాంగ్ ప్రెస్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. వేలు ఎంతసేపు ఉంది, ఎంత జరిగింది, అంతే. డబుల్ ట్యాప్ తప్పనిసరైతేనే పెట్టు. రెండోది వస్తుందేమోనని 300 మిల్లీసెకన్లు కాచుకోబట్టే ఒకప్పుడు మొబైల్ బ్రౌజర్లలో ఏ లింకు నొక్కినా తాపీగా కదిలేది.

కోడ్ రాసే ముందు వారం రోజులు తెర సెన్సార్ పంపే ముడి డేటా చూస్తూ కూర్చో. సెన్సార్‌కి వేలు కనపడదు. తెర లోపలి అడ్డతీగలూ నిలువుతీగలూ కలిసే ఒక్కో కూడలి దగ్గర కెపాసిటెన్స్, అంటే విద్యుత్ ఛార్జిని పట్టి ఉంచే గుణం, ఎంత మారిందో అంకెలు కనపడతాయి. ఆ అంకెల్లో వేలికొన గుండ్రటి మచ్చలా పడుతుంది. బొటనవేలు వాల్చితే కోడిగుడ్డులా సాగుతుంది. నీటిచుక్క ఒక్కోసారి వేలికి ఉల్టా అంకెలిస్తుంది. గోరు దాదాపు కనపడనే కనపడదు.

ఇక నా తప్పు. ఆసుపత్రి మంచానికి బిగించే చిన్న తెర అది, తాకితే నర్సు దగ్గర గంట మోగాలి. పడుకున్నవాళ్ల చెయ్యి ఆనినప్పుడల్లా మోగుతోందని ఫిర్యాదు వచ్చింది. గంటలో సరిచేసేశాను. మచ్చ ఫలానా సైజు దాటితే అరచెయ్యి, వదిలెయ్. టీములో ఏడుగురం, అందరం ముప్పై లోపువాళ్లం. మా వేళ్లతోనే వందలసార్లు నొక్కి చూశాం, ఒక్కటీ తప్పలేదు. భుజాలు చరుచుకున్నాం.

నెల తిరక్కుండానే, ఒక పెద్దావిడ రాత్రంతా పిలిచినా ఎవరూ రాలేదని కబురు. ప్రతి స్పర్శనీ తెర రాసిపెట్టుకునే లాగ్ తెప్పించుకున్నా. పదకొండు స్పర్శలు, పదకొండింటికీ ఎదురుగా ‘అరచెయ్యి’. వంగని కీళ్లు, పాపం. బొటనవేలిని బల్లపరుపుగా ఆనించింది. పలక్కపోయేసరికి గట్టిగా నొక్కింది. గట్టిగా నొక్కితే ఏమవుతుంది? వేలి కండ పరుచుకుని మచ్చ ఇంకా పెద్దదవుతుంది. మొదటిది హద్దు మీద వెంట్రుకవాసి దాటింది, పదకొండోది దానికి రెట్టింపు. ఆవిడకి అవసరం పెరిగేకొద్దీ నా కోడ్ మరింత ధీమాగా కాదు పొమ్మంది. దాహం వేసి పిలిచిందట, ఇంకేమీ కాలేదు. ఆ మాట విని ‘హమ్మయ్య’ అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

సైజు ఒక్కదాన్నీ నమ్మకు, తల్లీ. మచ్చ ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో ఫ్రేము ఫ్రేముకీ, అంటే సెన్సార్ తీసే ఒక్కో కొలతకీ, చూడు. అరచెయ్యి కూడా మొదటి ఫ్రేములో చిన్న చుక్కే, తర్వాత పక్కన ఇంకో ముక్క తగులుతుంది, రెండూ కలుస్తాయి, అక్కడే పడి ఉంటుంది. నొక్కే వేలు ఉన్నచోటే పెరిగి తరిగి లేచిపోతుంది. తోసేసినచోటే మూడోసారీ తగిలిందంటే తప్పు నీదేమో అనుకో. బొమ్మలు గీసే యాప్‌లో లెక్క వేరు. అక్కడ అరచేతిని వేలనుకుంటే కాగితమంతా గీతలు. ఏ తప్పుకి ఎవరు ఇబ్బంది పడతారో ముందు రాసుకుని హద్దులు పెట్టు.

కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు 2011లో తాకిన చప్పుడు విని వేలికొన, మెత్తటి భాగం, గోరు, కణుపు విడదీసి చూపించారు. నువ్వు దాని వెంటే పడతావని తెలుసు, నీ బుద్ధి నాకు తెలియదా! పడు, ముచ్చటైన పనే. కానీ ముందు వణికే వేలు చూడు. వయసు మీద పడినవాళ్ల ట్యాప్ జారి స్వైప్ అయిపోతుంది. నీ దోస్తుల చేతులతోనే పరీక్షించి సరే అన్నావంటే ఊరుకోను.

ఆ గొడవయ్యాక మీ నాయనమ్మని మూడు సాయంత్రాలు కూర్చోబెట్టి ఆవిడ వేళ్లని రికార్డు చేశాను. ‘ఇంకా నొక్కాలిట్రా?’ అంటూనే నొక్కింది. ఆ ఫైళ్లు పంపిస్తున్నా. రెండోదాంట్లో మధ్యలో అర నిమిషం ఏ స్పర్శా ఉండదు. పాడైన డేటా అనుకుని తీసెయ్యకు. కళ్లజోడు తుడుచుకుంటోంది.

మీ పెదనాన్న