అరికాలి నల్లమచ్చకు ఫోన్ లెన్సు చాలదు

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్ ఉంది. అరికాలిపై ఏడాదిగా ఉన్న నల్లమచ్చను ఆనెకాయ అనుకుని, మందుల షాపులో ఇచ్చిన పట్టీలు వేస్తున్నాం. ఈమధ్య రెండుసార్లు రక్తం వచ్చింది. కోత అవసరం లేకుండా, చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్‌తోనే జబ్బు తేలుతుందని విన్నాం. ఫోన్‌కు తగిలించే లెన్సు కొని, ఫొటో తీసి డాక్టరుకు పంపితే సరిపోతుందా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: లెన్సు సంగతి తర్వాత, ముందు ఆ పట్టీలు ఈరోజే ఆపేయండి. వాటిలో సాధారణంగా ఉండే సాలిసిలిక్ యాసిడ్ చర్మాన్ని పొరలు పొరలుగా ఊడదీస్తుంది కనుక, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి తెలియకుండానే పుండు పడవచ్చు. పైగా మచ్చ అసలు రూపం చెరిగిపోయి, దాన్ని గుర్తుపట్టడం మాకూ కష్టమవుతుంది. నల్లగా ఉండి రక్తం వస్తున్న మచ్చను చూడకుండానే ఆనెకాయ అని ఎవరూ తీర్మానించకూడదు. ఏడాది పాటు డాక్టరుకు చూపించకపోవడం సరికాదని చెప్పక తప్పదు.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మనవాళ్లలో అరుదే గానీ, వచ్చినప్పుడు తరచుగా అరికాలిలోనో, గోటి కిందనో కనిపిస్తుంది. మీ నాన్నగారిది అదేనని నేను అనడం లేదు. చర్మం కింద గడ్డకట్టిన రక్తం కావచ్చు, మామూలు పుట్టుమచ్చ కావచ్చు. ఈ తేడాను పట్టుకోవడంలో డెర్మోస్కోప్ బాగా పనికొస్తుంది. సాధారణంగా పది రెట్లు పెద్దదిగా చూపే ఈ పరికరంలోని పోలరైజ్డ్ కాంతి చర్మంపై మెరుపును తగ్గించి, పైపొర కింద ఉన్న రంగును కనబరుస్తుంది. రేడియేషన్ ఉండదు, నొప్పి ఉండదు. అరికాలి చర్మంలో పొలంలో ఉన్నట్టే గట్లు, చాళ్లు ఉంటాయి. నలుపు చాళ్ల వెంట ఉంటే చాలావరకు మామూలు పుట్టుమచ్చే. గట్ల మీద పరుచుకుని ఉంటే మాత్రం మెలనోమాను అనుమానించాలి.

అయితే యాసిడ్‌తో దెబ్బతిన్న చర్మంపై ఈ గుర్తులు సరిగా కనిపించకపోవచ్చు. ఇంట్లో తీసిన ఫొటోలో అయితే మరీ కష్టం; క్యాన్సర్ పాకితే గజ్జల్లో కట్టే గడ్డలున్నాయేమో ఫొటో చెప్పదు, చేత్తో తడిమి చూడాలి. అనుమానం మిగిలితే బయాప్సీ (మచ్చ నుంచి ముక్క తీసి పరీక్షించడం) తప్పదు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో దాన్ని వాయిదా వేయకండి, ఆ భయానికి ఆధారం లేదు. మెలనోమా చర్మంలో ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలిచి చికిత్స నిర్ణయిస్తారు. 1 మిల్లీమీటరు లోపే దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది.

చూడకుండా రాస్తున్న సలహా కాబట్టి దీన్ని రోగనిర్ధారణగా తీసుకోవద్దు. ఈ వారంలోనే ఆయన్ను చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. షుగర్ రిపోర్టులు, వాడిన పట్టీల ప్యాకెట్ వెంట ఉంచుకోండి. అప్పటివరకు మచ్చను బ్లేడుతో గీకడం, పసరు పూయడం వంటివి చేయకండి.