మీరు నడిపే బండి ఏది, మెచ్చే బండి ఏది, తర్వాత కొనాలనుకునేది ఏది?

నడిపేది 2016లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. మెచ్చేవి రెండు: మా నాన్న నడిపిన యమహా ఆర్‌ఎక్స్ 100, రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లదే ఇంటర్‌సెప్టర్ 650. కొనాలనుకునేది హీరో ఎక్స్‌పల్స్ 210. అడిగినదానికి జవాబు ఇంతే. కానీ బండ్ల గురించి ఎవరితో మాట్లాడినా సీసీ ఎంత, మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంది అన్న దగ్గరే ఆగిపోతారు. బండి ఎంత బరువు, ఇంజన్ ఆగిపోతే నువ్వు ఒక్కడివే దాన్ని నెట్టగలవా అని అడిగినవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. నా లెక్కలో మొదట చూడాల్సింది అదే. ఇది నాకు 2019 డిసెంబర్‌లో నల్లమల అడవిలో తెలిసింది.

మాది మార్కాపురం. పొద్దున్నే బండి తీసి శ్రీశైలం వెళ్లి, దర్శనం చేసుకుని, చీకటి పడేలోపు ఇల్లు చేరడం నాకు ఏళ్లుగా అలవాటు. దోర్నాల దాటాక అంతా పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్టు మూసేస్తారు, మళ్లీ తెల్లవారి ఆరింటికే తీసేది. ఆ రోజు క్యూలో ఆలస్యమై కొండ మీద బయల్దేరేసరికి నాలుగున్నర దాటింది. తుమ్మలబైలు దాటాక ఒక ఎత్తులో గేర్ తగ్గిద్దామని క్లచ్ నొక్కితే లివర్ చప్పున వచ్చి హ్యాండిల్‌కి అతుక్కుంది. వేళ్ల కింద బిగువే లేదు. క్లచ్ వైరు తెగిపోయింది, బండి ఆ ఎత్తు మీదే ఆగిపోయింది.

తప్పు నాదే. లివర్ దగ్గర వైరు పోగులు రెండు మూడు లేచి ఉండటం వారం ముందే చూశాను, శ్రీశైలం వెళ్లొచ్చాక మార్పిద్దాంలే అనుకున్నాను.

క్లచ్ లేకుండా కూడా బండి నడపొచ్చు. యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో సరిగ్గా తొక్కితే గేర్ పడుతుంది. కష్టమంతా నిలబడ్డ బండిని కదిలించడం దగ్గరే. ఫస్ట్ గేర్‌లో ఉంచి సెల్ఫ్ కొట్టాను, జానెడు ముందుకు దూకి ఆగిపోయింది. ఆ ఎత్తు మీద అంత బరువుని సెల్ఫ్ లాగలేదు, నాలుగైదు సార్లు కొట్టేసరికి బ్యాటరీ కూడా నీరసించింది. వెనక్కి తిప్పితే పల్లమే, కానీ ఆ పల్లం శ్రీశైలం వైపు పోతుంది, క్లచ్ లేని బండిని ఆ సన్నటి రోడ్డులో మళ్లీ ఇటు తిప్పుకోవాలంటే ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే, ఆగితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. సెల్‌కి సిగ్నల్ లేదు. ముందు మలుపు దాటితే దిగుడు ఉంటుందని తెలుసు, మహా అయితే రెండు వందల మీటర్లు. నెట్టుకుంటూ పోదామనుకున్నాను.

ఆ బండి 192 కిలోలు. నేను 62. పది అడుగులు నెట్టడం, ముందు బ్రేకు పట్టుకుని ఊపిరి తీసుకోవడం, మళ్లీ పది అడుగులు. బ్రేకు వదిలిన ప్రతిసారీ బండి కొంచెం వెనక్కి జారేది, ఆ జారుడు ఆపి ముందుకు మళ్లించడానికే సగం బలం పోయేది. డిసెంబర్ చలిలో చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. కార్లు రెండు మూడు పోయాయి, ఆగలేదు, అడవిలో పొద్దు గూకేవేళ ఎవరు మాత్రం ఆగుతారు. పిట్టగోడ మీద కోతులు వరసగా కూర్చుని ఉన్నాయి. ఒకచోట అడుగు తడబడి బండి నాకు అవతలి పక్కకి ఒరిగింది. హ్యాండిల్ పట్టుకుని, ఒళ్లంతా వెనక్కి వాల్చి ఎలాగో నిలబెట్టాను గానీ, అది అక్కడ పడిపోతే ఒక్కడినే లేపలేనని అప్పుడే అర్థమైంది. పులి గురించి నాకు భయం వేయలేదు. మూడేళ్లుగా రోజూ తుడిచి పెట్టుకునే నా బండిని చూసి భయం వేసింది.

అప్పుడు ఎదురుగా దోర్నాల వైపు నుంచి టీవీఎస్ ఎక్స్‌ఎల్ హండ్రెడ్ మీద ఒకాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి, తలకి తువ్వాలు, బండి వెనక రెండు బియ్యం బస్తాలు, ముందు కాళ్ల దగ్గర నూనె డబ్బా. నేను చెయ్యెత్తకముందే ఆపి, ఆ బండిని పిట్టగోడకి ఆనించి వచ్చాడు.

“ఏందబ్బాయా, ఆగిపోయిందా?”

“క్లచ్ వైరు తెగింది బాబాయ్.”

ఇంకేమీ అడగలేదు, వెనక సీటు మీద రెండు చేతులూ వేసి నెట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరం కలిసినా మధ్యలో రెండుసార్లు ఆగాం. రెండోసారి ఆగినప్పుడు ట్యాంకు మీద చెయ్యేసి, “ఇదేందబ్బాయా, బండి మనల్ని మొయ్యాల గానీ మనం దీన్ని మొయ్యటం ఏంది?” అన్నాడు. ఎగతాళిగా అనలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఆయన బండి తొంభై కిలోలు కూడా ఉండదు, దానికి గేర్లు లేవు, క్లచ్ లివరే లేదు, ఆ బస్తాలతో అదే ఎత్తు అవతలి నుంచి ఎక్కి వచ్చింది. నేనేమీ చెప్పలేకపోయాను.

మలుపు దాటి దిగుడు మొదలయ్యాక న్యూట్రల్‌లో జారనిచ్చి, వేగం అందుకున్నాక సెకండ్ గేర్ తొక్కాను. ఒక్క ఊపు ఊపి ఇంజన్ అందుకుంది. ఆగి ఆయనకి ఒక దండం పెట్టే వీలు కూడా లేదు, ఆగితే బండి ఆగిపోతుంది. చెయ్యెత్తి గట్టిగా ఒక కేక వేశాను. అద్దంలో చూస్తే ఆయన అప్పటికే తన బండి వైపు నడుస్తున్నాడు. పేరైనా అడగలేదు. ఇప్పటికీ ఆ దారిలో బస్తాలతో ఎక్స్‌ఎల్ ఎదురైతే వేగం తగ్గించి మొహం చూస్తాను.

ఎక్కువగా సెకండ్‌లో, థర్డ్‌లోనే దోర్నాల చేరాను. చెక్‌పోస్టు దగ్గర బండి ఆగిపోతే అక్కడున్నవాళ్లే చెయ్యి వేసి ఇవతలికి నెట్టారు. మెకానిక్ పావుగంటలో వైరు మార్చాడు, వైరు ఖరీదు మూడొందలు లేదు. ఆనాటి నుంచి పాత వైరు పక్కనే ఇంకో కొత్త వైరు ఉంచి టేపు చుట్టి పెట్టుకుంటున్నాను, తెగితే రెండు కొసలూ తగిలిస్తే చాలు. ఘాట్ రోడ్లు తిరిగే ప్రతివాళ్లకీ ఇదే చెప్తాను.

ఇక ఆర్‌ఎక్స్ 100. అందరూ దాని సౌండు గురించి, పికప్ గురించి చెప్తారు, అది నిజమే, 98 సీసీకి 11 హార్స్‌పవర్ అంటే ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. కానీ ఆ పికప్ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ బండి బరువు అటూ ఇటూగా వంద కిలోలు. నాన్న కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్, నిచ్చెన ఒకటి తప్ప ఆయన సామానంతా ఆ బండి మీదే తిరిగేది. రాత్రి ఇంటికొచ్చాక ఇంజన్ ఆపేసి, ఎడం చేత్తో హ్యాండిల్, కుడి చేత్తో సీటు వెనక కడ్డీ పట్టుకుని రెండు మెట్లెక్కించి వరండాలో పెట్టేవాడు. పొద్దున్నే దాన్ని కిందకి దించడం నా పని, అప్పటికి నాకు పదమూడేళ్లు. ఇప్పుడు నా క్లాసిక్‌ని అవే మెట్లెక్కించాలంటే ఇద్దరం కావాలి, అందుకే అది వాకిట్లోనే తడుస్తుంది. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. పోయినేడాది ఒకటి కొందామని చూస్తే లక్షా అరవై వేలు చెప్పాడు, పెయింటు కొత్తది, లోపల సగం డూప్లికేట్ పార్టులు. నాన్న బండిని 2004లో తొమ్మిది వేలకి అమ్మేశాం, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇంటర్‌సెప్టర్ నా స్నేహితుడిది, బెజవాడ నుంచి గుంటూరు దాకా ఒకసారి నడిపాను. 648 సీసీ, రెండు సిలిండర్లు, అది లాగే తీరు వేరు, నూరు మీద పోతున్నా చేతులకి అదురు తెలియదు. దిగబుద్ధి కాలేదు. కానీ దిగి పార్కింగులోంచి వెనక్కి లాగినప్పుడు తుమ్మలబైలు ఎత్తు గుర్తొచ్చింది. దాని బరువు 200 కిలోల పైనే.

మరి ఘాట్ రోడ్లు తిరిగేవాడివి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 తీసుకోవచ్చుగా అంటారు. మంచి బండి, 452 సీసీ, 40 హార్స్‌పవర్, బరువు మాత్రం 196 కిలోలు, అంటే నా క్లాసిక్ కంటే ఇంకా ఎక్కువ. ఎక్స్‌పల్స్ 210 దాదాపు 168. సీటు ఎత్తు రెండింటిదీ ఎక్కువే, నాలాంటి ఐదడుగుల ఐదంగుళాల మనిషికి రెండింటి మీదా మునివేళ్లే ఆనతాయి. కానీ 168 కిలోలు ఒరిగితే కాలు ఆపగలదు, 196 ఒరిగితే ఆపలేదు. ఆ 28 కిలోల తేడాకి హార్స్‌పవర్ ఎంత తగ్గినా నాకు నష్టం లేదు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది, 350 సీసీ దాకా 28 శాతం కాస్తా 18 అయ్యింది, 350 దాటితే ఏకంగా 40. నేను కొనబోయేదానికి అది కలిసొచ్చే మాటే, అయినా అన్యాయం అన్యాయమే. పదేళ్లు డబ్బు దాచుకుని దూరాలు తిరగడానికి ఒక బండి కొనుక్కునేవాడు కోటీశ్వరుడు కాదు, వాడి మీద విలాస వస్తువుల పన్ను ఏంటి?

యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్లు కూడా ఒకసారి ఇంజన్ ఆపేసి బండిని ఎత్తు మీదకి నెట్టి చూపించాలి. సున్నా నుంచి అరవైకి ఎన్ని సెకన్లో నాకు అక్కర్లేదు, నా జీవితంలో ఆ అవసరం ఒక్కసారీ రాలేదు. నెట్టే అవసరం మాత్రం వచ్చింది.

పోయిన నెల ఎక్స్‌పల్స్ చూడటానికి షోరూంకి వెళ్లాను. టెస్ట్ రైడ్‌కి తాళం ఇస్తే వద్దన్నాను, ముందు సర్వీసు వైపు ఉండే ర్యాంపు ఎక్కడుందని అడిగాను. ఆ కుర్రాడికి అర్థం కాలేదు, “సార్, స్టార్ట్ చేసి ఎక్కించండి” అన్నాడు. “ముందు నెట్టి చూస్తాను తమ్ముడూ, నడిపేది తర్వాత” అన్నాను. న్యూట్రల్‌లో పెట్టి కింద నుంచి నెట్టాను, నడుం మీద బరువు పడింది గానీ బ్రేకు పట్టుకోకుండా, ఎక్కడా ఆగకుండా పైదాకా తీసుకెళ్లాను. దసరాకి బుక్ చేస్తున్నాను. క్లాసిక్‌ని అమ్మను, ఒంగోలు, గుంటూరు లాంటి సాపు రోడ్లకి అదే. శ్రీశైలానికి మాత్రం ఇకమీదట కొత్తదే.