చైనాలో చట్టం–సమాజం పరిశోధన ఎలా ఎదిగింది? ఇప్పుడు అందులో పీహెచ్‌డీ చేయడం దండగా?

దండగ అని ఎవరన్నా చెప్తే నమ్మకండి. హాంకాంగ్‌లో ఇదే సబ్జెక్టులో పరిశోధన చేసినవాణ్ని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చట్టం పుస్తకాల్లో ఏముందన్నది కాదు, జనం బతుకుల్లో, కోర్టుల్లో అది ఎలా నడుస్తుందో చూసే చదువు ఇది. అమెరికా నుంచి దిగుమతి అయిందని చాలామంది అనుకుంటారు. కానే కాదు. పల్లె జనం కోర్టు గుమ్మం తొక్కడానికి ఎందుకు ఇష్టపడరో చైనా సోషియాలజిస్టు ఫే షియావ్‌తుంగ్ 1940ల్లోనే రాశారు. పాత చైనా చట్టాన్ని కుటుంబంతో, అంతస్తులతో ముడిపెట్టి చరిత్రకారుడు చూ తుంగ్‌జు 1947లో పుస్తకం వేశారు. 1952లో ప్రభుత్వం యూనివర్సిటీల్లో సోషియాలజీనే ఎత్తేసింది. 1979లో మళ్లీ తెచ్చేసరికి ఒక తరం చేజారిపోయింది.

తిరిగి ప్రాణం పోసింది మాత్రం పల్లెలకు వెళ్లినవాళ్లే. 1990ల్లో పెకింగ్ యూనివర్సిటీ వాళ్లు ఉత్తర షాన్‌షీలో ఒక మారుమూల ఊరికి వెళ్లారు. పరపతి సంఘం అప్పు ఎగ్గొట్టిన రైతు ఇంటికి జడ్జి స్వయంగా వచ్చి, కింద మంట పెట్టి వేడిచేసే మట్టి అరుగు మీద కూర్చుని, ఊరి పెద్దను పక్కన పెట్టుకుని విచారణ జరిపాడు. రాజ్యం ఆ ఊరిదాకా నడిచి రావాల్సిన అవసరం ఎందుకొచ్చింది అన్న ప్రశ్న మీద పెకింగ్ యూనివర్సిటీ లా ప్రొఫెసర్ జు సులీ 2000లో వచ్చిన తన పుస్తకంలో ఒక అధ్యాయమే రాశారు. నా దృష్టిలో ఈ రంగం నిలబడింది ఆ అరుగు మీదే.

ఇక నా అనుభవం. 2013లో చైనా సుప్రీంకోర్టు దేశంలోని కోర్టుల తీర్పుల కోసం ఒక వెబ్‌సైట్ పెట్టింది. అక్కడ ఒక కౌంటీ (మన తాలూకా లాంటిది) కోర్టు ఇచ్చిన విడాకుల తీర్పులు వరసపెట్టి చదువుతున్నాను. భర్త కొట్టాడని ఒకామె పోలీసు కాగితం, ఆస్పత్రి చీటీ జతచేసింది. తీర్పులో వాటికి దక్కింది ఒక్క లైను. ఆ కిందే, దంపతుల మధ్య అనురాగం పూర్తిగా తెగిపోయిందనడానికి రుజువు లేదు, సర్దుకుపోండి, దావా కొట్టేశాం అని. తర్వాతి తీర్పు తెరిచాను. ఇంటిపేర్లు మారాయి, ఆ పేరా మాత్రం అక్షరం మారలేదు. ఆ తర్వాతదీ అంతే. కొత్త కారణమేదీ లేకపోతే ఆరు నెలల దాకా ఆమె మళ్లీ దావా వేయకూడదు. ఆ ఆరు నెలలు ఆమె ఎక్కడుండాలి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అది ఒక్క కోర్టు సంగతి కాదని ఈథన్ మైకెల్సన్ అనే అమెరికన్ సోషియాలజిస్టు హెనాన్, జెజియాంగ్ రాష్ట్రాల కోర్టుల దాదాపు లక్షన్నర విడాకుల కేసులు తిరగేసి 2022లో చూపించారు. జడ్జీలు అలా ఎందుకు రాస్తారో తెలియాలంటే క్వాయ్ హాంగ్ ఎన్‌జీ, షిన్ హ రాసిన 2017 పుస్తకం చదవండి. వాళ్లు కోర్టుల లోపల కూర్చుని చూశారు. పైవాళ్ల ఒత్తిడి, కేసుల కుప్పలు, ఓడినవాడు పైకి ఫిర్యాదు చేస్తాడన్న భయం, అన్నీ అందులో ఉన్నాయి. టీవీ చర్చల్లో 'చైనాలో అసలు చట్టమే లేదు' అని తేల్చేసేవాళ్లకు ఇవేవీ పట్టవు. మన లా కాలేజీలు మాత్రం తక్కువ తిన్నాయా? సెక్షన్లు బట్టీ పట్టిస్తారు తప్ప, ఫ్యామిలీ కోర్టు వరండాలో పిల్లల్ని ఒక్క పూటన్నా కూర్చోబెట్టరు.

డేటా ఉంది కదా అని మాత్రం ఇందులోకి రాకండి. 2016 అక్టోబర్ నుంచే విడాకుల తీర్పులు ఆ సైట్లో పెట్టడం మానేశారు. 2020 నుంచి చూడాలంటే ఫోన్ నంబర్ ఇవ్వాలి. 2021 తర్వాత కొత్త తీర్పులు బాగా తగ్గిపోయాయి, పాతవీ చాలా మాయమయ్యాయి. ముందు చైనీస్ నేర్చుకోండి, తీర్పు మీరే చదవగలిగేంత. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన అక్కడి కోర్టుల్లో కూర్చుని పనిచేశారో లేదో కనుక్కోండి. ఫీల్డ్‌కు అనుమతి దొరక్కపోతే సిచువాన్ ఆర్కైవ్స్‌లో చివరి రాజవంశమైన ఛింగ్ కాలం నాటి బాషియన్ కౌంటీ కేసులున్నాయి. చరిత్రకారుడు ఫిలిప్ హువాంగ్ వాటిలాంటి రికార్డులతోనే 1996లో, అప్పటి మేజిస్ట్రేట్లు రాజీలు కుదర్చడమే కాదు, చట్టప్రకారం తీర్పులిచ్చేవారని వాదించారు. ఆ కట్టల్లో ఇంకా ఎన్నో థీసిస్‌లకు సరిపడా పని ఉంది.