డాక్టర్‌కి అమ్మగారి మాట వినిపించకపోతే

వీడియో కాల్‌లో డాక్టర్ మాట అమ్మగారికి వినిపిస్తోంది, ఆవిడ మాట మాత్రం అటు చేరడం లేదంటే మైక్ పర్మిషన్ ఆగిపోయి ఉండొచ్చు. యాప్ అడిగినప్పుడు పెద్దవాళ్లు కంగారుపడి 'వద్దు' నొక్కేస్తారు. ఆండ్రాయిడ్ 11 నుంచి రెండుసార్లు వద్దంటే ఇక అడగదు.

1. సెట్టింగ్స్, యాప్స్, ఆ యాప్ పేరు, పర్మిషన్స్, మైక్రోఫోన్. అక్కడ అనుమతి ఇవ్వండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: యాప్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. కాల్ మధ్యలో మారిస్తే ఒక్కోసారి పనిచేయదు.

3. వినికిడి మిషన్ బ్లూటూత్‌తో కలిసి ఉంటే, ఆ బ్లూటూత్ కనెక్షన్ తీసి ఒకసారి చూడండి.

ఇదంతా ముందురోజే చేసేయండి. డాక్టర్ ఎదురుగా ఫోన్‌తో తంటాలు పడితే ఆవిడ టెన్షన్‌లో అసలు బాధ చెప్పడమే మరిచిపోతారు.