జాబితాలో లేని ఇల్లు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నా భర్త ఒంగోలు దగ్గర ఒక పల్లెలో 19 ఏళ్లుగా సంఘకాపరి. డిసెంబరు వచ్చిందంటే ఆయన ఇంట్లో కనిపించరు. పండుగకు ముందే సంఘాలు జరిపే సెమీ క్రిస్మస్‌లు వరసగా, రాత్రి రెండింటి దాకా ఇంటింటికీ తిరిగి పాడే క్యారల్స్, చివర్లో డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన. నిరుడు 24వ తేదీ రాత్రి, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు కోసం ఉల్లిపాయలు కోస్తూ ఏడ్చాను. అందరూ ఉల్లిఘాటు అనుకున్నారు. ఆరాధనలో కీబోర్డు వాయించే మా అబ్బాయికి 16 ఏళ్లు. ఈసారి పండుగకు మందిరానికి రానంటున్నాడు. ‘మన ఇంట్లో తప్ప అందరి ఇళ్లలోనూ క్రిస్మస్ ఉంది’ అన్నాడు. ఆయనతో చెబితే దేవుని పనికి అడ్డు రావద్దంటారు. పండుగ వస్తోందంటే నాకు భయం వేస్తోంది. నా విశ్వాసం తగ్గిపోతోందా?
– ఒక పాస్టరమ్మ

జవాబు: అమ్మా, వందనాలు.

మీ ఉత్తరం నవంబరు రెండో వారంలో అందింది. మంచి సమయానికే రాశారు. ఇంకో పది రోజులు ఆగి ఉంటే పాస్టరుగారి డైరీ నిండిపోయేది, నా సలహా పనికొచ్చేది కాదు. డిసెంబరులో ఏ పాస్టరుకు ఏం చెప్పినా చెవికెక్కదు. 34 ఏళ్ల పాటు ఆ చెవిటివాళ్లలో నేనూ ఒకణ్ణి.

ముందు మీరు అడిగినదానికి జవాబు చెబుతాను. మీ విశ్వాసం తగ్గలేదు, మీరు అలసిపోయారు. ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మనవాళ్లు తరచూ పొరబడతారు. బైబిల్లో కర్మెలు కొండ మీద అంత పెద్ద కార్యం జరిగిన వెంటనే ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో పారిపోయి, బదరీవృక్షం కింద కూలబడి, ఇక చచ్చిపోతే చాలునన్నాడు. వచ్చిన దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. లేపి రొట్టె, నీళ్లు చూపించాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం. ఈ భాగం మీద నేను ఎన్నిసార్లు వాక్యం చెప్పానో లెక్కలేదు. చెప్పిన రోజునే రాత్రి భోజనం మానేసి ఇంకో కూడికకు పరుగెత్తిన సందర్భాలూ ఉన్నాయి. ఇది రాస్తుంటే మా ఆవిడ పక్కనే కూర్చుని ఉంది, అబద్ధం చెప్పే వీలు లేదు.

మీ అబ్బాయి అన్న మాట చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టాను. దానికి కారణం ఉంది. మా సంఘంలో క్యారల్స్‌కు వెళ్లే ఇళ్ల జాబితా నేనే రాసేవాణ్ణి. గీతల నోటుపుస్తకంలో వీధివారీగా పేర్లు. ఎవరింట్లో టీ, ఎవరింట్లో కేకు, ఎవరి కుక్కను ముందే కట్టేయమని చెప్పాలి, అన్నీ పక్కన ఉండేవి. ఒక ఏడాది మొత్తం 74 ఇళ్లు అయ్యాయి. జనవరిలో కానుకల లెక్క చూద్దామని పుస్తకం తీస్తే, చివరి పేరు కింద 75 అని అంకె వేసి, పెన్సిలుతో గుండ్రటి అక్షరాల్లో ‘మన ఇల్లు’ అని రాసి ఉంది. అది నాలుగో తరగతి చదువుతున్న మా చిన్నమ్మాయి చేతిరాత. పక్కన ‘టీ’ అని కూడా రాసింది. పైన 74 పేర్లకూ టిక్కులు ఉన్నాయి.

మాది మందిరం పక్కిల్లే. పాటల బృందం ప్రతి రాత్రీ మా గుమ్మం ముందు నుంచే బయలుదేరేది, మా గుమ్మం ముందే విడిపోయేది. ఒక్క రాత్రి కూడా అక్కడ నిలబడి పాడలేదు.

దేవుని పని అంటారని రాశారు. నేనూ అదే అనేవాణ్ణి. ఆ మాట వెనక ఇంకో మాట ఉండేది, దాన్ని నోటితో అనలేదు. ‘ఈ ఇంటికి నేను వెళ్లకపోతే వీళ్లు రోడ్డు చివర కొత్తగా రేకుల షెడ్డు వేసుకున్న సంఘానికి పోతారు.’ డిసెంబరులో నన్ను నడిపించినదాంట్లో సగానికి పైగా ఈ భయమే. మీ ఆయన సంగతి నాకు తెలియదు, కానీ పందెం కాయమంటే కాస్తాను. పాస్టరును కాబట్టి కాయకూడదు.

ఇక ఈ సెమీ క్రిస్మస్‌లు. నేను వీటికి వ్యతిరేకిని కాను, ఆ పేరుతో బీదవాళ్లకు దుప్పట్లు పంచే సంఘాలు నాకు తెలుసు. కానీ చాలాచోట్ల ఇది పెళ్లి చదివింపుల లెక్కలా తయారైంది. వేరే సంఘం పాస్టరు వచ్చి మన మందిరంలో వాక్యం చెబితే మనం వెళ్లి వాళ్ల మందిరంలో చెప్పాలి, లేకపోతే చిన్నబుచ్చుకుంటారు. వేదిక మీద పది కుర్చీలు, పది శాలువాలు, ఆలస్యంగా వచ్చే ఒక నాయకుడు, ఆయన వచ్చేదాకా కోయని కేకు. రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి కుర్చీ మీద పడేసిన ఆ శాలువాను మడతపెట్టేది పాస్టరమ్మ.

చావు కబురు వస్తే అర్ధరాత్రైనా వెళ్లాల్సిందే. కేకు కోయడానికి వెళ్లకపోతే ఎవరికీ ఏమీ కాదు. పండుగ రోజుల్లో కాపరి తప్పకుండా వెళ్లాల్సిన ఇళ్లు కొన్ని ఉంటాయి. ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఒకటి. వీధంతా నక్షత్రాలు వెలుగుతుంటే ఆ ఒక్క వసారా చీకటిగా ఉంటుంది. అక్కడికి డప్పులతో, క్రిస్మస్ తాత వేషంతో వెళ్తే బాగుండదు. పగటిపూట మీరిద్దరూ కలిసి వెళ్లి అరగంట కూర్చుని రావాలి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోను కోసం ఎదురుచూసే ముసలమ్మ ఇల్లు ఇంకొకటి. పండుగ పూట మగవాడు ఎక్కువ తాగి చేయి చేసుకునే ఇల్లు మరొకటి. మా సంఘంలో ఇలాంటివి ఏ ఏడూ పదికి మించలేదు. మిగతా పరుగంతా నేను పెట్టుకున్నదే.

ఇది మీ ఆయనతో ఎలా చెప్పాలన్నది అసలు చిక్కు. సొంత ఇంటిని ఏలలేనివాడు సంఘాన్ని ఎలా చూసుకుంటాడనే తిమోతి పత్రికలోని మాట తీయకండి. ఆ మాటను పాస్టర్ల ఇళ్ల మీద ఊరు ఎప్పుడూ విసురుతూనే ఉంటుంది, మీరు కూడా విసిరితే ఆయన తలుపు మూసుకుంటారు. డైరీ ముందు పెట్టుకుని, మామూలు గొంతుతో ఒక్క ప్రశ్న అడగండి: ‘వీటిలో ఏది మానేస్తే మీకు భయం?’ అడిగి ఊరుకోండి. వెంటనే జవాబు రాకపోయినా ఫరవాలేదు.

మీది ఒంగోలు ప్రాంతం కాబట్టి ప్రార్థన కొండ ఇద్దరికీ తెలిసే ఉంటుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ కొండెక్కినవాళ్లు ఐదుగురే, అమెరికా బాప్టిస్టు మిషనరీలైన జూయెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఫలితం కనిపించడం లేదు, వాళ్ల నెల్లూరు మిషనును మూసేద్దామా అని అమెరికాలో తర్జనభర్జన పడుతున్న రోజులవి. తర్వాత పెద్ద కరువు వచ్చింది. జనం అన్నం కోసం సంఘంలో చేరుతున్నారేమోనని, సాయం అందుతున్నంత కాలం ఒంగోలు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశారు. ఆయన ఆగమంటే జనం ఆగారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను మనం వేదికల మీద గర్వంగా చెబుతాం, దొర ముందు ఆపిన సంగతి మాత్రం చెప్పం. రెండు రాత్రులు వెళ్లనంత మాత్రాన గొర్రెలు చెదిరిపోవని మీ ఆయనకు ఇది గుర్తుచేస్తుందేమో చూడండి. నా మాటగానే చెప్పండి, మీ మాటగా వద్దు.

అబ్బాయి సంగతికి వస్తాను. వాడు రానంటున్నది దేవుడి దగ్గరికా, కీబోర్డు దగ్గరికా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. పాస్టరు కొడుకు ముందు వరసలో కనిపించాలి, వాయించాలి, దాతలు తెచ్చిన రెండు సైజులు పెద్ద చొక్కా వేసుకుని నవ్వాలి. ఈ ఏడు కీబోర్డు ఇంకొకరికి అప్పగించమని వాడితో చెప్పండి. వాయించేవాళ్లు దొరకకపోతే ఆ ఆదివారాలు డోలకుతో, చప్పట్లతో పాడతారు, మునుపు అలాగే పాడేవాళ్లం. వెనక వరసలో కూర్చున్నా సరే, స్నేహితుడితో వేరే మందిరానికి వెళ్లినా సరే. ‘సంఘం ఏమనుకుంటుంది’ అనే మాట ఈ పండుగ అయ్యేదాకా ఇంట్లో వినిపించకుండా చూడండి. సంఘం ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటుంది.

వంట విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతాను. ప్రేమవిందు సంఘానిది, మీ ఒక్కరిది కాదు. ఈ వారమే సంఘ పెద్దలకు చెప్పేయండి, ఈసారి వంటమనిషిని పెట్టుకోమని. డబ్బు లేదంటే వేదిక అలంకరణ తగ్గించుకుంటారు. ఉల్లిపాయలు కోయడానికి యవ్వనస్థులు ఉన్నారు. మగపిల్లలు కూడా ఉన్నారని ప్రత్యేకంగా గుర్తుచేయండి.

ఇంకొక మాట. భయం, ఏడుపు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించుకోండి. పండుగ వెళ్లేదాకా ఆగకండి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం వారు నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పాస్టరమ్మ ఫోను చేస్తే ఎవరికైనా తెలుస్తుందేమోనన్న భయం పెట్టుకోకండి. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే చేయండి. ప్రార్థన మానమని నేను అనడం లేదు. దూత చూపించిన రొట్టె కూడా తినమంటున్నాను.

చివరిగా, క్యారల్స్ జాబితా. అది ఎవరు రాస్తారో కనుక్కుని మీ ఇంటి పేరు రాయించండి. చివర్న వద్దు, అప్పటికి అందరి గొంతులూ బొంగురుపోతాయి. మొదటి రోజు, రాత్రి ఏడింటికి, మొదటి ఇల్లు మీదే కావాలి. పాస్టరుగారు ఆ బృందంతో బయట నిలబడకుండా ఇంటివాళ్లలాగా లోపల, మీ పక్కన కూర్చోవాలి. తలుపు మీ అబ్బాయి తీస్తాడో లేదో చెప్పలేను. టీ మాత్రం మీరు పెట్టకండి. పాడేవాళ్లనే ఫ్లాస్కులో తెమ్మనండి.