డిశ్చార్జ్ సంగతి తర్వాత, ముందు మీవారితో మాట్లాడండి

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. హాస్టల్లో తిండి తగ్గించి తగ్గించి 33 కిలోలకు వచ్చేసింది. అనొరెక్సియా, అంటే లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు అని చెప్పి హైదరాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చుకున్నారు. రాత్రిపూట నాడి నిమిషానికి 42 సార్లే కొట్టుకుంటోంది. రోజుకు ఆరుసార్లు తిండి కొలిచి పెడుతున్నారు, తినకపోతే ముక్కుకు గొట్టం వేస్తామంటున్నారు. అది ఏడుస్తుంటే చూడలేక, నర్సు అటు తిరగగానే మావారు దాని ప్లేట్లో ఇడ్లీ తీసి తినేస్తున్నారు. నేనేమీ అనలేకపోతున్నాను. డిశ్చార్జ్ చేయించి ప్రకృతి వైద్యానికి తీసుకెళ్లమని మా ఆడపడుచు అంటోంది. ఒక్కసారిగా అంత తిండి పెట్టడం ప్రమాదం కాదా? తీసుకెళ్లిపోమంటారా?

జవాబు: వద్దమ్మా. తిండి మానేసి ఈ స్థితికి వచ్చిన పిల్లను ఉపవాసాలు చేయించే చోటికి ఎలా పంపుతారు? ఈ జబ్బులో నాడి పగలు 50, రాత్రి 45 కంటే తగ్గితే ఆసుపత్రిలో ఉంచాలంటారు డాక్టర్లు. మీ అమ్మాయిది 42. మీ ఆడపడుచుకు ఈ ఒక్క అంకె చెప్పి ఊరుకోండి.

తిండి గురించి మీ భయం మాత్రం ఉత్తది కాదు. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారి తిండి పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేట్ అనే లవణం కూడా కణాల్లోకి వెళ్లిపోతుంది. అది మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మొదటి రోజుల్లో అన్నిసార్లు రక్తం తీసేది అందుకే. ఈ భయంతోనే ఒకప్పుడు చాలా కొద్దిగా పెట్టేవాళ్లు, దాంతో పిల్లలు ఆసుపత్రిలోనే ఇంకా బరువు తగ్గేవాళ్లు. కాలిఫోర్నియాలో రెండు ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. కొందరికి రోజుకు 2000 కేలరీలతో, కొందరికి 1400తో మొదలుపెట్టారు. ఎక్కువ తిన్నవాళ్ల నాడి, బీపీ దాదాపు మూడు రోజులు ముందే కుదుటపడ్డాయి, ఫాస్ఫేట్ పడిపోవడం వాళ్లలో ఎక్కువగా ఏమీ లేదు. అయితే అదంతా రోజూ రక్త పరీక్షలు చేస్తూ, డాక్టర్ల కళ్లముందు జరిగింది. మీ పాపకు ఎంత పెట్టాలో తేల్చాల్సింది అక్కడి డాక్టరే.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నన్ను పట్టేసిన మాట 'నేనేమీ అనలేకపోతున్నాను' అన్నది. మీవారు ఇడ్లీ తిన్నప్పుడు చార్టులో అది పాప తిన్నట్టు ఎక్కుతుంది. డాక్టరు ఆ చార్టు చూసే రేపటి తిండి పెంచుతారు. బరువు ఎందుకు పెరగడం లేదో ఆయనకు అర్థం కాదు, మీకు తెలిసీ నోరు మెదపరు. ఇక నాన్న ఇలా, అమ్మ అలా అని కనిపెట్టిన క్షణం నుంచి జబ్బు ఆ సందులోనే కాపురం పెడుతుంది. భర్తకు ఎదురు చెప్పకపోవడమే గౌరవమని మనల్ని పెంచారు. పిల్ల ప్రాణం దగ్గర ఆ గౌరవాన్ని నేను ఒప్పుకోను. ఆయన చెడ్డవారని అనడం లేదు, కూతురి కన్నీళ్లకు తట్టుకోలేకపోతున్నారు, అంతే. ఆయనకు తోడు కావాలి. ఆ తోడు మీరే, కానీ మీరు పక్కకు జరిగి నిలబడ్డారు.

లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో 1980ల్లో మొదలైన పద్ధతి ఒకటుంది. ఇంటికొచ్చాక పిల్లకు తినిపించే బాధ్యత పూర్తిగా తల్లిదండ్రులకే అప్పగిస్తారు, ఇద్దరిదీ ఒకే మాటగా ఉండాలంటారు. అంటే రేపు మీ ఇంట్లో మందు మీరిద్దరే.

ఆయనతో పాప ముందు మాట్లాడకండి. వార్డు బయటికి తీసుకెళ్లి, అది ఏడ్చేది మొండితనం వల్ల కాదని చెప్పండి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న యువకులు ఒక పరిశోధన కోసం ఆరు నెలలు అరకడుపుతో ఉన్నారు. వాళ్లూ చీటికిమాటికి చిరాకుపడ్డారు, దిగులుతో కుంగిపోయారు, ప్లేట్లో ఉన్నదాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి గంటల కొద్దీ తిన్నారు. ఆకలే మనిషిని అలా చేస్తుంది. కడుపు నిండుతున్నకొద్దీ మెల్లగా మీ పిల్ల మీకు దక్కుతుంది. ఈ మాట ఆయన వినాలి, మీ నోట వినాలి.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లి ఇడ్లీల విషయం చెప్పేయండి. డాక్టరు కోప్పడితే పడనివ్వండి. పాప తినేటప్పుడు చూడలేనంటే మీవారు బయట కూర్చోవచ్చు, తిన్న తర్వాత గంటసేపు దానితో కబుర్లు చెప్పే పని ఆయనకివ్వండి. అప్పుడు బాత్రూమ్‌కి పంపకూడదు కాబట్టి ఎలాగూ ఒకరు పక్కన ఉండాలి. మీరు ప్లేటు ముందు కూర్చున్నప్పుడు కేలరీల మాట, బరువు మాట ఎత్తొద్దు, బతిమాలొద్దు. 'తిను నాన్నా, నేనిక్కడే ఉన్నా' అంటే చాలు. మిగిల్చినదానికి బదులు ఏమివ్వాలో నర్సులు చూసుకుంటారు. గొట్టం వేయాల్సి వస్తే వేయనివ్వండి, అదేం శిక్ష కాదు.

ఇంటర్ పరీక్షల గురించి ఇప్పుడు టెన్షన్ పడకండి, వచ్చే ఏడాది రాసుకోవచ్చు.