గుర్రాల సాయంతో చికిత్స చేయాలంటే ఏ డిగ్రీ చదవాలి?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. మా చిన్నబాబుకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల శరీర కదలికలపై పట్టు తగ్గే స్థితి) ఉంది. అలాంటి పిల్లలను గుర్రంపై కూర్చోబెట్టి చికిత్స చేస్తారని తెలిసినప్పటి నుంచి అమ్మాయి అదే చదువుతానంటోంది. దీనికి కోర్సు ఉందా? ఉపాధి దొరుకుతుందా?

జవాబు: మీ అమ్మాయి తమ్ముణ్ణి చూస్తూ ఈ నిర్ణయానికి వచ్చింది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అయితే హిప్పోథెరపీ అనే ఈ విధానం విడి వృత్తి కాదు. ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాధన చేయించేవారు) లేదా స్పీచ్ థెరపిస్టు తన చికిత్సలో భాగంగా గుర్రం నడకను వాడుకోవడాన్నే ఆ పేరుతో పిలుస్తారు. అందువల్ల ముందు ఈ మూడింటిలో ఒక డిగ్రీ పూర్తిచేయాలి.

గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ కదులుతుంది. ఆ కదలిక పైన కూర్చున్న బిడ్డ కటి భాగాన్ని, మనిషి నడిచేటప్పుడు కదిలే తీరుకు చాలా దగ్గరగా కదిలిస్తుంది. ఫిజియోథెరపిస్టు గుర్రాన్ని ఆపించి, మలుపు తిప్పించి, వేగం మార్పించి, బిడ్డ నడుము నిలిపే శక్తిని, శరీర సమతూకాన్ని పెంచుతారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు అదే నడకపై చేతుల పనిని, ఏకాగ్రతను సాధన చేయిస్తారు. స్పీచ్ థెరపిస్టుకు ఇందులో పనేమిటని చాలామంది అడుగుతారు. నడుము నిటారుగా నిలిస్తే ఊపిరిపై పట్టు పెరిగి మాటకు ఆధారం దొరుకుతుంది, పైగా ‘పద’ అంటే గుర్రం కదిలి, ‘ఆగు’ అంటే ఆగుతుందని తెలిసిన బిడ్డకు మాట్లాడడానికి ఒక బలమైన కారణం ఏర్పడుతుంది.

1944లో పోలియో బారినపడి మోకాళ్ల కింద కదలిక కోల్పోయిన డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపుస్వారీలో రజతం గెలిచిన తర్వాత ఈ రంగంపై యూరప్‌లో ఆసక్తి బాగా పెరిగింది. అయినా ఇది జబ్బును మాన్పే వైద్యం కాదు. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో కూర్చునే భంగిమ, సమతూకం కొంత మెరుగుపడతాయి తప్ప, రోజువారీ వ్యాయామాలను ఇది భర్తీ చేయలేదు.

ఫిజియోథెరపీ కళాశాలలు హైదరాబాద్‌లోనే అనేకం ఉన్నాయి. స్పీచ్ థెరపీకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీయావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థను చూడండి. ఆక్యుపేషనల్ థెరపీ సీట్లు మన దగ్గర తక్కువ కాబట్టి, కటక్ సమీపంలోని స్వామి వివేకానంద జాతీయ సంస్థకు కూడా దరఖాస్తు చేయించండి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తర్వాత పాఠ్యప్రణాళికలు, ప్రవేశ నిబంధనలు మారుతున్నాయి. అందుకే సీనియర్ల మాటపై ఆధారపడకుండా ఆ ఏటి నోటిఫికేషన్‌ను స్వయంగా చదవండి.

ఉపాధి విషయంలో స్పష్టంగా చెబుతాను: మన దేశంలో ఇలాంటి కేంద్రాలు చాలా తక్కువ. ఆమె జీతం ఆసుపత్రి, ప్రత్యేక పాఠశాల లేదా సొంత క్లినిక్ నుంచే వస్తుంది. డిగ్రీ తర్వాత పిల్లల చికిత్సలో అనుభవం సంపాదించి, స్వారీ నేర్చుకుని, ఆపై హిప్పోథెరపీ శిక్షణ తీసుకుంటే అది ఆ వృత్తికి అదనపు బలమవుతుంది. ఈలోగా ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో నడిచే భవిత కేంద్రంలో అనుమతి తీసుకుని, ఫిజియోథెరపిస్టు వచ్చే రోజున ఆమెను కూర్చోనివ్వండి. అదే చిన్న కదలికను నెలల తరబడి ఓపికగా చేయించే ఆ పని ఆమెకు నచ్చుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

బాబు గురించి ఒక మాట. పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రంపై అతణ్ణి కూర్చోబెట్టే ప్రయత్నం దయచేసి చేయకండి. చికిత్సకు వాడే గుర్రానికి ప్రత్యేక శిక్షణ ఉంటుంది. దాన్ని నడిపేవారు ఒకరు, అవసరాన్ని బట్టి బిడ్డకు ఇరుపక్కలా నడిచేవారు ఉంటారు. తుంటి కీలు పక్కకు జరిగినా, మూర్ఛ అదుపులో లేకపోయినా స్వారీ ప్రమాదకరం కావచ్చు. ఏ కేంద్రానికి తీసుకెళ్లాలన్నా ముందుగా పిల్లల ఎముకల వైద్యునికి చూపించి, తుంటి ఎక్స్‌రే అవసరమా అని అడగండి.